అడవికి కట్టే మూట

ప్రయాణానికి సామాను సర్దుకోవడం ముందురోజు రాత్రి చేసే పని అని అందరూ అనుకుంటారు. అది ఏడాది పొడవునా ఇంట్లో జరిగే పని అని నా అభిప్రాయం. అటక మీది సంచీ దించి దుమ్ము దులిపేనాటికే అందులో ఏమేం పడబోతున్నాయో ముప్పాతిక వంతు తేలిపోయి ఉంటుంది. రోజూ ఆఫీసుకు స్టీలు సీసాలో నీళ్ళు పట్టుకెళ్ళే మనిషి నల్లమలకూ పట్టుకెళతాడు. దాహం వేసినప్పుడల్లా కొట్టు కోసం వెతుక్కునే మనిషి అడవిలోనూ వెతుక్కుంటాడు. అడవిలో కొట్టు ఉండదని ముందే తెలిస్తే, పన్నెండు సీసాల కట్టను కట్టగానే కారు డిక్కీలో వేసుకుంటాడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు ముందుచూపు!

ఈ విషయం మీద ఇంతసేపు ఆలోచించవలసి రావడానికి కారణం నల్లమలే. ఏటా మూడు సందర్భాల్లో ఆ అడవిలోకి జనం వేల సంఖ్యలో నడిచి వెళతారు. మహాశివరాత్రికి ఆత్మకూరు వైపునుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలానికి. ఉగాదికి అదే దారిన కన్నడ దేశపు మల్లన్న భక్తులు. చైత్ర పౌర్ణమికి మన్ననూరు వైపునుంచి సలేశ్వరం లోయలోకి. ఇందులో మొదటి దారి నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలోనిది. సలేశ్వరం 2014లో రాష్ట్ర విభజనతో తెలంగాణ వైపు వచ్చిన అమ్రాబాదు పులుల అభయారణ్యంలోనిది. మనుషులకు యాత్ర మూడు నాలుగు రోజుల ముచ్చట. దుప్పులకూ కణుజులకూ అది ఏడాదంతా మేయవలసిన చోటు. ఉప్పూ మసాలా అంటిన చిప్సు పాకెట్టు ఉప్పు కోసం తపించే జంతువుకు ఎలా కనిపిస్తుందో ఊహించుకోండి. నెమరువేసే జంతువు కడుపులో చేరిన ప్లాస్టిక్కు అరగదు, బయటికీ పోదు. అక్కడే ఉండలు కట్టి చోటు ఆక్రమిస్తుంది. కడుపు నిండినట్టే ఉండి జంతువు ఆకలితో చస్తుంది.

ఇలాంటి ప్రస్తావన వచ్చినప్పుడల్లా "మన పూర్వులు ప్రకృతితో మమేకమై జీవించారు" అనే ప్రసంగం ఒకటి మొదలవుతుంది. నాకు ఆ ప్రసంగం మీద నమ్మకం లేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న మద్రాసు విడిచి, నూరుమంది దాకా పరివారంతో కాశీకి వెళ్ళి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. పోతూ శ్రీశైలమూ చూశారు. అంత పరివారం అన్ని నెలలపాటు వండుకుని తిని దాటిపోయిన మజిలీల్లో మర్నాటికి మిగిలినవేమిటి? పొయ్యిరాళ్ళు, బూడిద, పగిలిన కుండపెంకులు, ఎండుతున్న విస్తరాకులు. ఆ పరివారం పర్యావరణ దీక్ష పూనడం వల్ల కాదు ఇది. వాళ్ళ చేతుల్లో ఉన్న వస్తువుల స్వభావమే అలాంటిది. తిన్న చోటనే పారేసి లేచిపోవడమన్నది వాళ్ళ అలవాటే, మన అలవాటూ అదే. అలవాటు మారలేదు, వస్తువు మారింది. మన చిక్కంతా ఇక్కడే ఉంది.

ఇంకొక అడుగు ముందుకు వేసి చెబుతాను, కొందరికి నచ్చకపోవచ్చు. వాడి పారేసే పళ్ళేనికి, గ్లాసుకు మన దేశంలో ఇంత సులువుగా స్వాగతం దొరకడానికి సగం కారణం మన ఎంగిలి పట్టింపు. ఒకరు తిన్న కంచంలో, ఎంత తోమినా, ఇంకొకరు తినడానికి మనసొప్పదు. విస్తరాకు ఆ పట్టింపుకు చక్కని పరిష్కారం: తిన్నామా, మడిచామా, పెంట మీద వేశామా. వారం తిరిగేసరికి ఆవు తిననన్నా తింటుంది, మట్టిలో కలవనన్నా కలుస్తుంది. థర్మకోలు పళ్ళెం వచ్చినప్పుడు దానిని మనం విస్తరాకు వారసుడిగానే చూశాం. "కొత్తది, ఎవరూ ముట్టనిది, తిని పారేయవచ్చు" అన్న మూడు లక్షణాలూ దానికి ఉన్నాయి. మట్టిలో కలిసే నాలుగో లక్షణం లేదన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. కాబట్టి "పాత అలవాట్లకు తిరిగి వెళదాం" అనే నినాదం నాకు సగమే నచ్చుతుంది. పాత వస్తువులకు వెళదాం, సరే. పాత అలవాటుకు వెళితే మాత్రం కొంప మునుగుతుంది.

చట్టం తన పని తాను కొంత చేసింది. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్కు పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు దేశమంతటా నిషిద్ధం. చేతిసంచీ మందం 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లకు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు తగ్గరాదు. అయితే నీళ్ళసీసా ఆ జాబితాలో లేదు, చిప్సు పాకెట్టు లేదు, షాంపూ పొట్లం లేదు. అంటే యాత్రాస్థలాల్లో కాలికి తగిలే చెత్తలో ముఖ్యమైనదంతా చట్టబద్ధమే. చట్టం ఆగిన చోట అలవాటు అందుకోవాలి.

బట్టల దుకాణాల్లో చీర కొంటే ఇచ్చే గరుకు సంచీ ఉంటుంది చూడండి, గుడ్డలాగే కనిపిస్తుంది. దానిని గుడ్డసంచీ అనుకుని మురిసిపోయేవాళ్ళు నాకు చాలామంది తెలుసు. అది నేసిన గుడ్డ కాదు, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్కు దారాలను ఒత్తి అతికించిన పలక. ఎండలో నాలుగు నెలలు ఉంచితే పొట్టుపొట్టుగా రాలి మరీ ప్రమాదకరంగా మట్టిలో చేరుతుంది. అలాగే కాగితపు టీకప్పు లోపల సన్నని ప్లాస్టిక్కు పొర ఉంటుంది. లేకపోతే వేడి టీకి కాగితం నిలవదు. బజారులో అమ్మే "ఆకు" విస్తళ్ళలోనూ కొన్నిటికి కింద ప్లాస్టిక్కు పూసిన అట్ట ఉంటోంది. కొనేముందు తిరగేసి చూడాలి. అడ్డాకులనో మోదుగాకులనో పుల్లలతో కుట్టిన అసలు విస్తరి ఇప్పటికీ దొరుకుతుంది. తూర్పు కనుమల గిరిజన కుటుంబాలు కొన్నిటికి అడ్డాకు సేకరణ ఒక బతుకుతెరువు కూడా.

ఈ మధ్య "పర్యావరణ హిత" వస్తువుల వ్యాపారం ఒకటి బయలుదేరింది. వెదురు చెంచా, వెదురు దువ్వెన, గంజినార సంచీ, దానిపై ఒక పచ్చని ఆకు బొమ్మ. సదస్సుకు వెళ్ళిన ప్రతివారికీ ఒక కొత్త సంచీ. కొత్త నూలుసంచీ తయారవడానికి పత్తి పండాలి. పత్తికి నీరు కావాలి, పురుగుమందు కావాలి, ఆ సంగతి పత్తి రైతుల నేలమీద బతుకుతున్న మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ సంచీ వందలసార్లు వాడితేనే దానికి అర్థం. ఏడు సంచులు పోగేసి అన్నిటినీ మేకుకు తగిలించడం నా దృష్టిలో దుబారా. పాత ప్యాంటు కాళ్ళతోనో చిరిగిన దుప్పటితోనో దర్జీ కుట్టిన సంచీ అన్నిటికన్నా హితమైనది. ఇంకా చెప్పాలంటే, ఇంట్లో పదేళ్ళుగా పప్పు పోసుకుంటున్న ప్లాస్టిక్కు డబ్బాను "ప్లాస్టిక్కు కదా" అని పారేసి గాజు సీసా కొనడం వెర్రితనం. మనం మానవలసింది ఒక్కసారి వాడి పారేయడాన్ని. యూరియా సంచీని కొప్పెర చేసి వానలో నెత్తిన వేసుకునే రైతుకు ఈ విషయంలో మనం బోధించగలిగింది ఏమీ లేదు.

ఇక మూట సంగతికి వస్తాను. మన ఎరుకలో ఉన్న మూటలన్నిటిలోకీ నన్ను బాగా ఆలోచింపజేసేది అయ్యప్ప భక్తుల ఇరుముడి. ముందు అరలో స్వామికి నెయ్యి నింపిన కొబ్బరికాయ, పూజాద్రవ్యాలు. వెనక అరలో నడిచేవాడికి దారిబత్తెం. ఎరుమేలి నుంచి అడవిదారిన రోజుల తరబడి నడిచిన కాలంలో బియ్యం, పప్పు వెనక అరలో ఉండేవి. నెత్తి మీద మోయగలిగినంతే సామాను. అంతకు మించితే మెడ ఒప్పుకోదు. ఆ మూట కట్టడానికి ముందు నలభై ఒక్క రోజుల దీక్ష ఉండడం నాకు మరీ గొప్పగా తోస్తుంది. తిండి, నిద్ర, మాట, చెప్పులు అన్నీ ముందు మారిన తర్వాతనే ముడి పడుతుంది. నేను మొదట్లో చెప్పిన మాటను ఇంతకన్నా బాగా చెప్పడం నాకు చేతకాదు. అయితే ఆ ఇరుముడిలోకీ పొట్లాలు దూరాయి. పూజాసామాగ్రి దుకాణంవాడు ఒకే పెట్టెగా కట్టి అమ్మే కర్పూరం, అగరుబత్తి, పన్నీరు సీసా, ఒక్కొక్కదానికీ ఒక ప్లాస్టిక్కు తొడుగు. చివరికి 2024లో తిరువాన్కూరు దేవస్వం బోర్డు ఆ మూడూ ఇరుముడిలో వద్దని కోరవలసి వచ్చింది. సన్నిధానంలో వాటిని వెలిగించే వీలు లేదు గనుక అవి చెత్తగానే మిగులుతున్నాయి.

తిండి విషయంలో ఉగాది యాత్రకు వచ్చే కన్నడ భక్తులే నా గురువులు. వాళ్ళ గుడ్డమూటలో కడక్ రొట్టెలుంటాయి. జొన్నపిండితో పలచగా చేసి, పెనం మీద కాల్చి, అప్పడంలా గలగలలాడేదాకా ఆరబెట్టినవి. తేమ లేదు కాబట్టి వారాల తరబడి బూజు పట్టవు. తోడుగా శేంగా చట్నీ పొడి, అంటే వేరుశనగపప్పు, ఎండుమిరపకాయ, వెల్లుల్లి కలిపి దంచిన పొడి. మంట అక్కరలేదు, నీళ్ళు అక్కరలేదు, కంచమూ అక్కరలేదు, రొట్టే కంచం. మనవైపు పులిహోరకు ఆ స్థానం ఉంది గానీ దానికి ఆయుష్షు ఒక రోజే. చింతపండు పులుపు, పసుపు, నూనె కలిసి దానిని మర్నాటి ఉదయం దాకా కాపాడతాయి; చైత్రమాసపు ఎండలో అంతకు మించి నమ్మరాదు. దద్ధ్యోజనం పాలు ఎక్కువ పోసి తోడుపెడితే మధ్యాహ్నానికి కమ్మగా ఉంటుంది, సాయంత్రానికి పులుస్తుంది. కాబట్టి మొదటిపూటకు పులిహోర, ఆ తరవాత రొట్టెలు, అటుకులు, వేయించిన శనగలు, బెల్లం, సున్నుండలు అన్నది నా క్రమం. కొబ్బరి పచ్చడి జోలికి పోవద్దు.

వంట అక్కరలేని తిండినే ఎందుకంటున్నానంటే, నల్లమల ఆకురాల్చే అడవి. మాఘం నుంచి వైశాఖం దాకా నేలంతా ఎండుటాకుల పరుపు. శివరాత్రి, ఉగాది, సలేశ్వరం మూడూ సరిగ్గా ఆ నెలల్లోనే పడతాయి. మూడు రాళ్ళ పొయ్యి వెలిగించి, అన్నం దించి, రెండు చెంబుల నీళ్ళు చల్లి ఆరిందనుకుని లేచిపోతే, గాలి లేచాక ఏమవుతుందో చూడడానికి మనం అక్కడ ఉండం. కాల్చి పారేసిన బీడీ ముక్కదీ అదే కథ. అగ్గిపెట్టె మూటలో లేకపోతే అసలు చిక్కే లేదు.

నీళ్ళ దగ్గర మాత్రం లెక్క కఠినం. లీటరు నీళ్ళు కిలో బరువు. ఆ నెలల్లో మనిషికి మూడు లీటర్లకు తక్కువ కాకుండా నేను లెక్క వేసుకుంటాను, అంటే మూడు కిలోలు. మిగతా సామాను తగ్గించుకోవడానికి ఇంతకన్నా మంచి కారణం అక్కరలేదు. ఆ బరువు సంచీలో వెన్నెముకకు ఆనుకుని, నడుముకు పైగా, భుజాలకు కిందగా ఉండాలి. అడుగున కప్పుకునే దుప్పటి, మార్పు బట్టలు. పైన తిండి, మందులు. పక్క జేబులో చేతికందేటట్టు గ్లాసు. బరువు అడుగున వేసినా, వీపుకు దూరంగా వేసినా సంచీ మనల్ని వెనక్కి లాగుతుంది, ఆ లాగుడుకు ఎదురుగా వంగి వంగి నడుము పోతుంది. చెమట ఎక్కువ పోసినప్పటికి ఉప్పు, పంచదార ఒక చిన్న రేకుడబ్బాలో కలిపి ఉంచుకోవచ్చు: లీటరు నీళ్ళకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి. పొట్లాలు చించి పారేసే పని ఉండదు. ఒక తుండుగుడ్డ తప్పనిసరి. అది తలపాగా, ముఖం తుడుచుకునే గుడ్డ, కూర్చునే ఆసనం, కాలు బెణికితే కట్టు, పండ్లు దొరికితే సంచీ.

ఇంత చెప్పినా మోసుకెళ్ళిన నీళ్ళు అయిపోతాయి. అప్పుడు దారిలో దాతలు పెట్టిన శిబిరాలే గతి. వాళ్ళను విమర్శించడానికి నోరు రాదు. మండుటెండలో దాహార్తికి నీళ్ళిచ్చేవాడిని ఏమనగలం? కానీ చూడండి, చలివేంద్రం అనే అందమైన మాట మన భాషలో ఉంది. తాటాకుల పందిరి, ఇసుకలో కుదురుగా నిలిపిన కొత్తకుండలు, పొడుగు కాడ ఉన్న గరిట, దోసిలి పట్టి తాగే మనిషి. ఎంగిలి పట్టింపుకు కూడా ఆ దోసిలి సమాధానం చెప్పింది. పాత్ర పెదవులకు తగలదు. ఆ చలివేంద్రం స్థానంలో ఇప్పుడు నీళ్ళపాకెట్ల గుట్ట వచ్చింది. పళ్ళతో చించి, సగం తాగి, సగం ముఖం మీద చల్లుకుని, తొక్క అక్కడే పడేస్తాం. దాతకు పుణ్యం, తాగినవాడికి తృప్తి, తొక్క అడవికి. దాతలను ఒప్పించడం కన్నా మన చేతిలో గ్లాసు ఉండడం తేలిక అని నాకు అనిపిస్తుంది. గ్లాసూ పళ్ళెమూ చేతపట్టుకుని వందమంది వరసలో నిలబడితే, మరుసటి ఏడు పాకెట్లు తెప్పించేవాడికి తనంతట తనకే సందేహం కలుగుతుంది.

ఒక మిత్రుడు ఈ మాటలన్నీ విని, "కర్మాగారాలు నదుల్లోకి వదిలే విషం ముందు నీ ఒక్క పాకెట్టు ఎంత?" అన్నాడు. లోకం మొత్తం లెక్కలో నిజంగానే ఏమీ కాదు. కానీ సలేశ్వరం లోయలోకి వచ్చిపడే పాకెట్టు కర్మాగారం నుంచి ఎగిరి రాలేదు, ఎవరో ఒకరు సంచీలో పెట్టుకుని, రాళ్ళు పట్టుకుని దిగి, అక్కడ వదిలారు. అక్కడ దేవుడికి పూజ చేసేది చెంచులు. జనం ఇళ్ళకు చేరిన తర్వాత ఆ నీళ్ళతోనూ ఆ చెత్తతోనూ మిగిలిపోయేదీ వాళ్ళే. లోకం లెక్క వేరు, ఆ గుండం లెక్క వేరు.

సలేశ్వరం గుండమంటే ఇంకో మాట గుర్తుకొస్తోంది. జలపాతం కింద షాంపూ పొట్లం చించేవాళ్ళను అందరూ తిడతారు, తిట్టవలసిందే. "మేము సహజమైనవే వాడతాం" అని కుంకుడుకాయ రసం తెచ్చుకునేవాళ్ళు మాత్రం తమకు మినహాయింపు ఉందనుకుంటారు. కుంకుడుకాయలో నురగ పుట్టించే పదార్థమే చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. ఇంటి పెరట్లో అరటిచెట్టు మొదట్లో పోస్తే దానివల్ల ఏ బాధా లేదు. పారని గుండంలో కలిస్తే బాధే. అరటితొక్క కూడా అంతే. "మట్టిలో కలిసేదేగా" అని ఘాటు రోడ్డు పక్కన విసిరితే, దానికోసం కోతులు రోడ్డు మీదికి వస్తాయి, బండ్ల కింద పడతాయి. తొక్కలు ఖాళీ అయిన పులిహోర డబ్బాలో వేసుకుని తిరిగి రావచ్చు. డబ్బా ఎలాగూ ఖాళీగానే ఉంటుంది, మూత కూడా ఉంటుంది. ఇంటికి వచ్చాక కడుక్కోవడానికి కొంచెం శీకాయపొడి ఎక్కువ పడుతుందంతే.